జాడీ కోసం పోకర్

పేకాటలో ఓడిపోయి, అలిగి, వాడరేవు నుంచి ఒక్కదాన్నే బస్సెక్కి గుంటూరు వచ్చేశానని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలకేమీ కాదు. అసహ్యమేసింది, వచ్చేశాను.

అమ్మ పోయాక సామానంతా అక్కా నేనూ మాటా మాటా అనుకోకుండానే పంచుకున్నాం. ఆవిడ పండుమిరప పచ్చడి పెట్టే పెద్ద జాడీ దగ్గరే పేచీ. ఇద్దరికీ అదే కావాలి. సముద్రానికని వెళ్ళి గది తీసుకున్న రోజు, ఆటలో తేల్చేద్దామన్నాడు బావ. రమ్మీలో నా మీద గెలవలేడు కనుక, ఫోన్లో నేర్చుకున్న పోకర్ ఆడదామన్నాడు. వేయించిన వేరుశనక్కాయలే పందెం. అన్నం వేళకి ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్ళదే జాడీ.

నియమాలూ ఆయనే చెప్పాడు. మనిషికి రెండు ముక్కలు, ఎదుటివాళ్ళకి కనపడకూడదు. బల్ల మీద ఉమ్మడిగా మొదట మూడు, తర్వాత ఒకటి, ఆపైన ఇంకొకటి తెరుస్తారు. మొత్తం ఏడింట్లో మంచి ఐదు ఏరుకోవాలి. జత కంటే రెండు జతలు మేలు, వాటికంటే ఒకే గుర్తువి ఐదు మేలు. తెరిచినప్పుడల్లా పందెం పెంచొచ్చు. అంత పెట్టలేనివాళ్ళు ముక్కలు పడెయ్యాలి. ఇదంతా చెబుతూ, చేప తిన్న బొటనవేలు నాలిక్కి అద్దుకుని మరీ పంచాడు. నా కుప్పలో కాయలు ఒలుచుకు తింటుంటే ఏమిటిదని అడిగాను. రుచి చూశాడట.

నాకు రాజుల జత, పదుల జత పడ్డాయి. బల్ల మీద మూడు ఇస్పేట్లున్నాయి. బావ తన కాయలన్నీ మధ్యకి నెట్టాడు. చేతిలో రెండూ ఇస్పేట్లేనన్నమాట. రమ్మీలో అయితే డ్రాప్ చేసి తర్వాతి ఆట చూసుకుంటాం. ఆ అలవాటుతోనే పడేశాను. కాయలు పోగేసుకుని, ఆకలేస్తోంది, ఇక అన్నానికి లేద్దామన్నాడాయన.

"చూపించండి బావా," అన్నాను. రమ్మీలో షో చెప్పినవాడు ముక్కలు పరిచి తీరాలి.

"పడేసినవాళ్ళకి చూపించక్కర్లేదు మరదలా. చూడాలనుంటే కాయలు పెట్టాల్సింది," అంటూ రెండు ముక్కలూ కట్టలో కలిపేశాడు.

నియమం నిజమే, తర్వాత కనుక్కున్నాను. అబద్ధంతో గెలిచినవాడు ఆ అబద్ధాన్ని దాచుకోవచ్చట. థూ, అదీ ఒక ఆటేనా.

జాడీ ఇప్పుడు వాళ్ళ హాల్లో ఉంది. అందులో ప్లాస్టిక్ పూలు పెట్టారు. ఇంకా కారం వాసనొస్తోందని అగరొత్తులు కూడా గుచ్చాడు మహానుభావుడు.

బావని అడిగి లాభం లేదు. అక్కనే అడగాలి. ఆయన భుజం మీద గడ్డం ఆనించి ఆటంతా చూశావు కదే, నిజం చెప్పు, ఆ రెండూ ఇస్పేట్లేనా?