రగ్నత్త వెర్రి ప్రశ్నలు

రగ్నత్త నోరు తెరిస్తే వెర్రి ప్రశ్నే. ఆ స్వీడన్ రేవు పట్నంలో పెద్దవాళ్ళు సాయంత్రాలు కూడి చదువుకునే బృందం ఏది మొదలైనా మొదటి పేరు ఆమెదే. ఇటాలియన్, నక్షత్రాలు, బుట్టల అల్లిక... డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చినా ఎందులోనూ మొదటి మెట్టు దాటలేదు.

ఈసారి లెక్కలు. పక్క కుర్చీలో తూరె. పదిహేనో ఏట బడి మానేసి చేపల కర్మాగారంలో చేరాడు. గ్రంథాలయాన్ని సగం నమిలేశాడు గాని, లెక్కలు మాత్రం గొంతు దిగలేదు. వసంతంలో పరీక్ష గట్టెక్కితే నావికుల బడిలో చోటు. లేదంటే జీవితాంతం చేపల తలలు నరకడమే. అయినా "తెలియదు" అనడం కంటే నాలుక కోసుకోవడం నయమనుకునే రకం.

"ఇవార్ బాబూ, ఆ ఎక్స్ ఎందుకు దాక్కుంది? ఏం తప్పు చేసింది పాపం?" అంది రగ్నత్త.

గదంతా గొల్లున నవ్వింది. పాఠం చెప్పే ఇవార్ మళ్ళీ మొదలుపెట్టాడు. తూరె పళ్ళు నూరుతూనే గబగబా రాసుకున్నాడు.

కాఫీ వేళ ఆమెపై విరుచుకుపడ్డాడు. "అత్తా, మా గంట కాస్తా నీ ప్రశ్నలకే సరి!"

"నీకన్నీ వచ్చు కదా, ఇంకో రొట్టె తిను."

ఫిబ్రవరిలో ఒకనాడు ఆమె మెడకు మఫ్లరు చుట్టుకొచ్చింది. గొంతు పోయిందని సైగ చేసింది.

ఆరును అరతో భాగిస్తే పన్నెండని ఇవార్ బోర్డు మీద రాశాడు. "అర్థమైందా?"

తూరె ఆశగా రగ్నత్త వైపు చూశాడు. ఆమె మఫ్లరు చూపించింది.

తూరె చెవులు కందగడ్డలయ్యాయి. చెయ్యి దానంతటదే లేచింది. "నాకు... అర్థం కాలేదు."

"హమ్మయ్య, నాకూ!" అన్నారు వెనక ముగ్గురు.

రగ్నత్త కాఫీ వేళకని ఉంచిన తట్టలోని ఆరు రొట్టెల్నీ సగానికి కోసి అతని ముందుకు తోసింది. లెక్కపెట్టాడు. పన్నెండు.

"నీకు ముందే తెలుసా!"

ఆమె కాగితం మీద రాసింది: "ఈ పాఠం పదకొండోసారి వినడం. నీ నుదురు ముడిపడినప్పుడల్లా అడిగాను."

మే నెలలో తూరె పట్నానికే రెండోవాడిగా నెగ్గాడు. ఫలితం చేతబట్టుకుని, తేనెటీగల పెంపకం నేర్చుకునే బృందం కూర్చున్న గదిలోకి దూసుకెళ్ళాడు.

"నెగ్గాను అత్తా! అదిసరే, ఆ రోజు నిజంగానే గొంతు పోయిందా?"

"ఉష్! నావికుడా, ఆ మూల పెద్దాయన మూడు వారాలుగా నోరు విప్పలేదు," అని గుసగుసలాడి, పాఠం చెప్పేవాడి వైపు తిరిగి కంచు గొంతుతో కేకేసింది: "బాబూ, ఇన్ని ఈగల్లో రాణి ఏదో ఎలా తెలుస్తుంది? కిరీటం ఉంటుందా?"

అందరూ పకపకా నవ్వారు. మూలన పెద్దాయన పెన్సిల్ తీశాడు.