కలుపు తీయని వైపు

మూడేళ్ల క్రితం మా తొమ్మిదో తరగతి పిల్లలతో నాగాయలంక దగ్గర పాడుబడిన రొయ్యల చెరువులో మడ మొక్కలు నాటించాను. ఆ రోజు మమ్మల్ని అక్కడికి పడవలో తీసుకెళ్లిన ఏసుబాబుగారు మొన్న ఫోన్ చేశారు. "టీచరుగారూ, మీ మొక్కలు సగం పోయాయండీ. మిగతా సగం మాత్రం అబ్బో, వచ్చి చూడాల్సిందే!" ఏ సగమని అడిగేలోపే సిగ్నల్ పోయింది. ఇక నాకు కాలు నిలిస్తే ఒట్టు.

ఆదివారం ఆయన చర్చికి వెళ్తారు గనక శనివారమే బయలుదేరాను. పొద్దున్నే ఆరింటికి గుడివాడలో రైలెక్కాను. పెడనలో కలంకారీ బట్టల మూటతో ఎక్కిన ఒకావిడ నా ప్రయాణం సంగతి విని, "మడలో ఏముందమ్మా, బురద తప్ప!" అని నవ్వింది. ఆ బురద కోసమేనండీ అన్నాను.

బందరులో వేడివేడి ఇడ్లీ తిని, ఎనిమిదిన్నర బస్సులో అవనిగడ్డ, అక్కడి నుంచి ఆటోలో నాగాయలంక చేరాను. పదకొండింటికల్లా పడవలో ఉన్నాను. వెళ్లాలనుకునేవాళ్లు సముద్రపు పోటు వేళ ముందే కనుక్కోండి. నీళ్లు తగ్గితే పడవ బురదలో కూర్చుంటుంది.

దారంతా నాకు నాటిన రోజే గుర్తొచ్చింది. ఆ చెరువు నిండా ఉప్పు నేలలో మొలిచే ఎర్రటి కూర మొక్కలు. వరి రైతు కూతుర్ని కదా, కలుపు తీయకుండా నాటడమా! కుడివైపంతా దగ్గరుండి శుభ్రంగా పీకించాను. ఎడమవైపు దివ్య జట్టు మాత్రం ఆకలేస్తోందంటూ కలుపు మధ్యనే మొక్కలు గుచ్చేసి క్యారేజీలు విప్పింది. అందరి ముందూ చెడామడా తిట్టాను.

పడవ మలుపు తిరిగింది. కుడివైపు నేల బోడిగా, ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది. ఎడమవైపు నా భుజాల ఎత్తున మడ! బురదలోంచి ఊపిరి వేళ్లు, వాటి మధ్య పీతలు, పైన కొంగలు. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

"ఉప్పు నేలకి ముందు ఆ కూరే రావాలండీ. వేళ్లతో మట్టిని పట్టి ఉంచుతుంది, లేత మొక్కకి నీడిస్తుంది. ఆ తర్వాతే మడ," అన్నారు ఏసుబాబుగారు.

"మరి ఆ రోజే చెప్పలేదేమండీ?"

"మీరు టీచరుగారు కదండీ!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక మొక్క నేలను సిద్ధం చేస్తే దాని వెనక మరో మొక్క వస్తుందని, అదే ఆవరణ అనుక్రమమని పదమూడేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. నా చేతులతోనే మొదటి మెట్టు పీకించేశాను.

నాలుగింటికి తిరుగు బస్సు. ఇంత సంతోషం, ఇంత సిగ్గు ఒకే రోజున ఎప్పుడూ ఎరగను. చల్లపల్లి దాటకముందే, ఇప్పుడు ఇంటర్ చదువుతున్న దివ్యకు ఫోన్ చేశాను.

"నీ వైపు మొక్కలు నా భుజం దాకా వచ్చాయే!"

"మీ వైపువి, మేడం?"

"ఒక్కటీ లేదు. ఆ రోజు నిన్ను తిట్టాను చూడు, తప్పు నాదే తల్లీ. కుడివైపు మళ్లీ నాటాలి, వస్తావా?"

దివ్య పకపకా నవ్వింది. "వస్తాం మేడం. ఈసారి ముందే అన్నం తినేసి వస్తాం. కలుపు మాత్రం తియ్యం!"