ఖాళీగా పంపకూడని డబ్బా

అమెరికా ప్రభుత్వం మూతపడిన రోజుల మీద ఒక మహాకావ్యం చెప్తాను, వినండి. అందులో సింహాసనాలుంటాయి, పంతాలుంటాయి, ఆకలి ఉంటుంది, త్యాగం కూడా ఉంటుంది. ఇలా మొదలుపెడదామనే అనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే ఇది ఒక ప్లాస్టిక్ డబ్బా కథ. దాని మూత కూడా సరిగ్గా పట్టేది కాదు.

అప్పట్లో వాషింగ్టన్‌ పక్కన హెర్న్‌డన్ అనే ఊళ్లో, ఒక అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. మాస్టర్స్ అయిపోయింది, ప్రాజెక్ట్ రాలేదు. కన్సల్టెన్సీ వాళ్ల భాషలో బెంచ్ మీద ఉన్నాం. ఇంట్లో బెంచ్ కూడా లేదు, కార్పెట్ మీదే పడుకునేవాళ్లం.

పక్క ఫ్లాట్‌లో ఒక అక్క, బావగారు, ఏడాది నిండని పాప. అక్క వాళ్ల అన్న స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డ్ మీద వచ్చారు. బావగారికి వాషింగ్టన్‌లో ఒక ప్రభుత్వ భవనంలో క్యాంటీన్ కౌంటర్ దగ్గర పని. పాపకి మామూలు పాలు పడవు, తాగితే ఒళ్లంతా దద్దుర్లు. వేరే రకం పాలపొడి పట్టాలి. చాలీచాలని జీతం ఉన్న తల్లులకి ప్రభుత్వం ఇచ్చే చెక్కులతో షాపులో అది తెచ్చుకునేవాళ్లు.

అమెరికా పార్లమెంటులో పెద్దమనుషులు బడ్జెట్ దగ్గర అలిగారు. భవనానికి తాళం పడింది. దాంతోపాటే క్యాంటీన్‌కీ, బావగారి జీతానికీ పడింది.

"ఆఫీసర్లకి తర్వాతైనా ఇస్తారంట. మేం కాంట్రాక్టర్ మనుషులం, మాకు అదీ లేదు," అన్నారు బావగారు, మెట్ల మీద కూర్చుని.

చెక్కులిచ్చే ఆఫీసుకి ఫోన్ చేయమని అక్క నన్ను పిలిచింది. "నువ్వే మాట్లాడు తమ్ముడూ, వాళ్ల యాస నాకు అందదు." అవతల ఒక పెద్దావిడ. ఈ నెల చెక్కులు చెల్లుతాయట. వచ్చే నెల సంగతి? "మాక్కూడా తెలీదు, హనీ," అంది. జీవితంలో నన్ను హనీ అన్న మొదటి ఆడమనిషి ఆవిడే. సందర్భం కుదరలేదు.

ఆ ఇళ్ల గోడలు అట్టముక్కలు. మధ్యాహ్నం పూట అటువైపు నుంచి చప్పుడు వచ్చేది. పాలపొడి డబ్బా అడుగున చెంచాతో గీకుతున్న చప్పుడు. గర్... ఆగేది. మళ్లీ గర్... ఇంటర్వ్యూ కాల్‌లో ఒకడు అదేమిటని అడిగితే, పక్కన కన్‌స్ట్రక్షన్ అని చెప్పాను. ఉద్యోగం రాలేదు. చప్పుడు మాత్రం పోలేదు. ఆగినప్పుడు ఇంకా భయమేసేది.

మా ముగ్గురిలో వంటవాడు కరీంనగర్ వాడు. "పాలపొడి మన చేతుల లేదు గని, అన్నం ఉన్నది కదరా," అని బగారన్నం వండి మా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పంపాడు. మర్నాడు డబ్బా పులిహోరతో తిరిగొచ్చింది. మేం పండగ చేసుకున్నాం. పప్పు పంపితే వేయించిన పల్లీలొచ్చాయి. కోడికూర పంపితే, డబ్బాలో ఒక మూలకి ఇంత పంచదార వచ్చింది.

"ఎక్స్ఛేంజ్ రేటు పడిపోతోందిరా," అన్నాను. అందరం నవ్వాం.

సాంబారు పంపాక డబ్బా రాలేదు.

"అయిపోయింది. అక్క మన డబ్బా కొట్టేసింది," అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మా వంటవాడు గరిటె పక్కన పెట్టాడు.

"మా అమ్మ ఎవల గిన్నె ఖాళీగ ఇయ్యదురా. ఏం లేకుంటే ఇంత చక్కెరేసి ఇస్తది."

"అయితే?"

"చక్కెర మొన్ననే అచ్చింది గద. ఇప్పుడు అది గూడ లేదన్నట్టు."

గోడ అవతల గర్... అని వినిపించింది. మేం సాయం చేస్తున్నాం అనుకుంటూ, పంపిన ప్రతిసారీ ఆ వంటింట్లోంచి ఏదో ఒకటి లాక్కొచ్చుకున్నాం.

వెళ్లి తలుపు కొట్టాను. అక్క సగం తెరిచింది. డబ్బా కడిగి గట్టు మీద బోర్లించి ఉంది. స్టవ్ పొడిగా, శుభ్రంగా, ఎవరూ లేని ఇంట్లో స్టవ్‌లా ఉంది. చంకలో పాప, బుగ్గలు నిండుగా. ఆ ఇంట్లో నిండుగా ఉన్నవి ఆ రెండు బుగ్గలే.

"అయ్యో, డబ్బా ఇవ్వాలి కదూ! రేపిస్తాను తమ్ముడూ. వచ్చే నెల ఎలా ఉంటుందోనని ఉన్నదంతా పెట్టి మీ బావగారు పాలపొడి కొనేశారు. మిగతావి మెల్లిగా తెచ్చుకోవచ్చులే."

అక్క కళ్లు డబ్బా మీదే ఉన్నాయి. అందులో ఏం పెట్టాలా అని వెతుకుతున్నాయి.

"ఆ డబ్బా నువ్వే ఉంచుకో అక్కా. మూత పట్టట్లేదని ఎలాగూ పారేద్దామనుకున్నాం," అన్నాను.

ఆ రోజు నుంచి ఏది పంపినా పేపర్ ప్లేట్‌లోనే. పేపర్ ప్లేట్‌ని ఎవరూ తిరిగివ్వరు. బియ్యం, కందిపప్పు జిప్ కవర్లలో. "ఇండియన్ స్టోర్‌లో ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అక్కా," అని ముగ్గురం వంతులవారీగా అబద్ధమాడాం. అంత ఉదారమైన ఇండియన్ స్టోర్ భూమ్మీద లేదని అక్కకి తెలుసు. అయినా తీసుకుంది.

తర్వాత పెద్దమనుషులు రాజీపడ్డారు. తాళాలు తీశారు. వచ్చే నెల చెక్కులూ వచ్చాయి. బావగారు మళ్లీ కౌంటర్ దగ్గరికి వెళ్లారు, పోయిన జీతం మాత్రం పోయినట్టే. ఒక సాయంత్రం మా డబ్బా పులిహోరతో తిరిగొచ్చింది, మూత ఊడకుండా రబ్బర్ బ్యాండ్ వేసి. మిగతా ఇద్దరూ తిన్నారు. నేనూ తిన్నాను, కానీ చెంచా అడుగుకి తగిలే ముందే ఆపేశాను.

ఇప్పుడు కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఉంటున్నాను. ఆఫీసులో ఎవరైనా పెరుగు డబ్బా అడుగు గీకితే లేచి ఇంకో టేబుల్‌కి వెళ్లిపోతాను. ఆ డబ్బా నా దగ్గరే ఉంది. దాన్ని ఖాళీగా చూడలేను, అందుకని ఎప్పుడూ ఏదో ఒకటి వేసి ఉంచుతాను. ప్రస్తుతం అందులో కెచప్ ప్యాకెట్లున్నాయి. వాటి ఎక్స్‌పైరీ డేట్ దాటిపోయింది.