చురక లేని వేషం

శాంటా క్లారాకి వచ్చిన కొత్తలో నన్ను ఇంగ్లీషులో పలకరించినవాళ్ళకంటే స్పానిష్‌లో పలకరించినవాళ్ళే ఎక్కువ. నా రంగూ జడా చూసి మెక్సికన్‌ని అనుకునేవాళ్ళు. కమ్యూనిటీ కాలేజీలో నాటకాల బృందం నడిపే ఆవిడ కూడా అలాగే పొరబడి రిహార్సల్‌కి రమ్మంది. ఇండియన్‌ని అని చెప్తే, "అయితే ఇంకా మంచిది, రా" అంది. నా వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు. ఇంట్లో గోడలు చూసీ చూసీ విసుగెత్తి ఉన్నాను, వెళ్ళాను.

బృందంలో నేను తప్ప అందరూ మెక్సికన్ అమెరికన్లే. ఒకప్పుడు మెక్సికన్ కూలీల సమ్మెలప్పుడు పొలాల పక్కన లారీలెక్కి ఆడిన పద్ధతిలో వీళ్ళు పార్కుల్లో ఆడేవాళ్ళు. తెరలూ సెట్టింగులూ ఏమీ ఉండవు. ఒక్కొక్కరి మెడలో ఒక అట్ట వేలాడుతుంది, దాని మీద వాళ్ళెవరో రాసి ఉంటుంది: యజమాని, పనిమనిషి, బద్ధకపు మెక్సికన్. లోకం తమని ఎలా వెక్కిరిస్తుందో అలాగే వేషం కట్టి నవ్విస్తారు, చివర్లో ఆ నవ్వునే తిప్పికొడతారు. బద్ధకపు మెక్సికన్ పెద్ద టోపీ మొహం మీదికి లాక్కుని గురక పెడతాడు. అందరూ నవ్వాక టోపీ ఎత్తి, "తెల్లారకముందే లేచి నీ సలాడ్‌కి ఆకులు కోసొచ్చాను. కాసేపు కన్ను మూస్తే బద్ధకస్తుణ్ణా?" అంటాడు. అంతదాకా నవ్వినవాళ్ళు గమ్మున కూర్చునేవాళ్ళు.

నాకు 'ఇండియన్ ఇంజనీర్' అట్ట తగిలించారు. యజమాని ఏమన్నా తల ఊపడమే నా పని. శనివారం వస్తావా? ఊపాలి. ఆదివారం? ఊపాలి. జీతం తగ్గిస్తాను? ఊపాలి. అవునో కాదో తేలని మన తల ఊపు వాళ్ళకి పెద్ద వింత. కావాలని ఊపబోతే అది కుదరక అద్దం ముందు అవస్థ పడ్డాను గానీ, అప్పటికి మా అమ్మ ఆర్నెల్లుందామని వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఆవిడ ఎలా ఊపుతుందో చూసి నేర్చుకున్నాను.

మొదటి ప్రదర్శనకి అమ్మని తీసుకెళ్ళాను. ఇంగ్లీషు రాదు, స్పానిష్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా గురక దగ్గర పడీపడీ నవ్వింది. తర్వాత నేనొచ్చి తల ఊపగానే పార్కంతా గొల్లుమంది. ముందు వరసలో మడత కుర్చీలో కూర్చున్న అమ్మ ఒక్కతే నవ్వలేదు.

తిరిగొస్తుంటే కార్‌లో అడిగింది.

"అందరూ ఆఖర్న గట్టిగా ఏదో అన్నారు, జనం నోళ్ళు మూతపడ్డాయి. నువ్వేవన్నావే?"

"నాకు డైలాగ్ లేదమ్మా."

"మా చిన్నప్పుడు పగటివేషాలవాళ్ళు కూడా పోతూ పోతూ ఓ చురక అంటించి పోయేవారు. నువ్వు ఉత్తినే తలూపి వచ్చేశావా?"

నాకు ఒళ్ళు మండింది. నాటకాల గురించి నీకేం తెలుసన్నాను.

మర్నాటి నుంచి అమ్మ మెడ బిగుసుకుపోయింది. షాపులో ఎవరేమడిగినా కర్రలా నిలబడి "యెస్" అనేది. ఫోన్ కార్డు పెట్టి నాన్నతో మాట్లాడేటప్పుడు మాత్రం, ఆయనకి కనపడదని తెలిసీ, "ఆఁ... ఆఁ" అంటూ ధారాళంగా తల ఊపేది. ఒకరోజు అలా ఊపుతూ, నేను గదిలోకి రావడం చూసి టక్కున ఆపేసింది. పరాయివాళ్ళ ముందు సరే, కన్న కూతురి ముందు కూడా తల ఊపడానికి జంకుతోంది మా అమ్మ.

తర్వాతి రిహార్సల్‌కి కోపంగానే వెళ్ళాను. అందరి వేషాలకీ చురక ఉంది, నా వేషానికెందుకు లేదని డైరెక్టర్‌ని నిలదీశాను. చురకంటే ఏమిటో చెప్పడానికి కొంచెం కష్టమైంది.

"మేం మా మీద మేమే నవ్వుకుంటాం కదా, నీకెందుకంత బాధ?" అంది.

"మీ మీద మీరు నవ్వుకుంటున్నారు. నా మీద కూడా మీరే నవ్వుతున్నారు."

ఆవిడ, "అది నిజమే. నువ్వే రాసుకురా. మేం రాస్తే మళ్ళీ తప్పే రాస్తాం" అంది. ఆ రోజు నుంచి అక్కడందరి నోటా 'చుర్రక' అనే మాట, వాళ్ళ నోట్లో 'ర' గరగరలాడుతూ.

రెండో ప్రదర్శనకి అమ్మ రానంది. బతిమాలి తీసుకెళ్ళాను. యజమాని అడిగాడు, నేను ఊపాను, జనం నవ్వారు. నవ్వు తగ్గేదాకా ఆగి అన్నాను: "సార్, మావాళ్ళు ఇలా ఊపితే విన్నాం అని అర్థం. సరే అని మీరే అనుకున్నారు. నేనింకా సరే అనలేదు." మెడలో అట్ట తీసి అతని చేతిలో పెట్టాను. ఎవరో ఈల వేశారు, అందరూ చప్పట్లు కొట్టారు.

నేనేమన్నానో అమ్మకి అర్థం కాలేదు. కార్‌లో తెలుగులో చెప్పాను.

"బాగుందా అమ్మా?"

నా వైపు తిరిగి, మెడ వదులు చేసుకుని, నిదానంగా తల ఊపింది. నాకు ఏడుపొచ్చింది.

"అంటే బాగుందనా, విన్నాననా?"

"ముందు రోడ్డు చూడవే," అంది, ఊపుతూనే.