ఉరిమితే ప్లగ్గులు పీకే ఇల్లు

ఉరుము వినిపిస్తే చాలు, మా అత్తయ్యగారు ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తారు. తప్పు పట్టలేను. మండవల్లి దగ్గర చేపల చెరువుల మధ్య మాదొక్కటే ఇల్లు. నేను కాపురానికి వచ్చిన ఏడాదే పిడుగు పడి టీవీ కాలిపోయింది. మనుషులకేమీ కానందుకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

నా బాధల్లా మూడు చిన్న సర్వర్లతోనే. అరచేతిలో పట్టే కంప్యూటర్లవి. చెరువు నీటిలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సార్ నుంచి తెచ్చే ప్రోగ్రాము ఒకటి, అది తగ్గితే ఇంట్లో బెల్లు మోగించేది ఇంకొకటి వాటిలో నడుస్తాయి. ఒక్కోటీ ఒక్కో కంటెయినర్‌లో, మూత పెట్టిన డబ్బాలో ఉన్నట్టు విడివిడిగా ఉంటుంది. ఒక కంప్యూటర్ ఆగిపోతే దాని డబ్బాలను మిగతా రెండూ ఎత్తుకుంటాయి. దీన్నే క్లస్టర్ అంటారు. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు నాన్నగారు ఇంట్లోనే దిద్దించారు, ఇదేమో వంటయ్యాక వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఒక్కొక్కదాన్నే ఆపి చూస్తే మిగతావి చక్కగా అందుకున్నాయి. మూడింటినీ ఒకే స్విచ్ బోర్డుకు తగిలించానన్న ధ్యాస మాత్రం లేదు.

మొన్న వానాకాలంలో మూడు రోజులు మబ్బు విడలేదు. ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. చేపల పట్టుబడికి ఇంకా వారముంది. మావారు ఏలూరు వెళ్ళారు. మధ్యాహ్నం ఉరిమింది. నేను పెరట్లోంచి బట్టలు తీసుకొచ్చేసరికి అత్తయ్యగారు మూడు ప్లగ్గులూ పీకి, వైర్లు చుట్టి పక్కన పెట్టారు కూడా.

ఉరుములు ఆగాక మళ్ళీ గుచ్చాను. లైట్లు వెలిగాయి గానీ కంటెయినర్లు లేవవు. లేచినట్టే లేచి పడిపోతాయి. అరగంట వెతికితే తెలిసింది. ఈ కంప్యూటర్లలో గడియారానికి బ్యాటరీ లేదు, టైము ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటాయి. వానకు ఇంటర్నెట్ పోయింది. ఒక్కోదానిది ఒక్కో టైము. టైము కలవకపోతే ఒకదాన్నొకటి నమ్మవు.

"ఏమైందమ్మా, అలా రుసరుసలాడుతున్నావు?" అన్నారు అత్తయ్యగారు.

"వీటికి టైమెంతో తెలీడం లేదండీ."

ఆవిడ గోడ వంక చూశారు. "మూడున్నర. చెప్పు వాటికి."

మూడింటికీ చేత్తో టైము పెట్టాను. క్లస్టర్ లేచింది, లేచీ లేవగానే బెల్లు మోగింది. నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్ల స్విచ్చి చెరువు గట్టు మీద షెడ్డులో ఉంది. ఇద్దరం వానలోనే పరిగెత్తాం, ఆవిడే ముందు. నీళ్ళ మీద ఎక్కడ చూసినా గాలి కోసం తెరిచిన చేపల నోళ్ళే. స్విచ్చి వేసి అక్కడే నిలబడ్డాం. చాలాసేపటికి అవి ఒక్కొక్కటిగా లోపలికి దిగాయి. ఒక మూల కొన్ని వెల్లకిలా తేలిపోయాయి. మిగతావి పెద్దింట్లమ్మ తల్లి దయవల్ల దక్కాయి.

మర్నాడు నెమ్మదిగా చెప్పి చూశాను. "ఈసారి ఒక్కటే పీకండి అత్తయ్యగారూ. రెండుంటే నడుస్తుందండీ."

"ఆ రెండింటి జోలికీ రానని పిడుగు నీతో చెప్పిందా అమ్మా?"

ఇప్పుడు ఉరిమితే ఆవిడ ప్లగ్గులు పీకుతారు. నేను బెల్లు కోసం చూడకుండా గట్టు మీదికి వెళ్ళి ఏరియేటర్లు వేసొస్తాను.