ఓడిపోయిన చోటికి దారి

మా షెడ్డులో బైకు సీట్లు కుట్టే అక్క చేత తిట్లు తినకుండా బయటపడ్డవాళ్లు తక్కువ. "ఎప్పుడిస్తావక్కా?" అని అడిగినవాడి సీటు వరసలో వెనక్కి పోయేది. కుట్టు బాగుందని మెచ్చుకుంటే "నీకేం తెలుసని?" అనేది. ఆ కుట్టు నిజంగానే బాగుండేది. ఎండకీ వానకీ రెక్సిన్ చిట్లినా ఆమె వేసిన దారం తెగేది కాదు. నా వెల్డింగ్ మిషన్ ఆమె కుట్టుమిషన్ పక్కనే. ఆమె ఎవరినైనా పొగడగా నేను వినలేదు.

షెడ్డు ఆమె తమ్ముడిది. మంచి మెకానిక్, కానీ మాట గుచ్చుకుంటుంది. అందుకే అందరూ ముల్లు అనేవారు. ఆమె భర్త, మా అందరికీ బావ, బైకుల మీద ఊళ్లు తిరిగే గుంపుకి పెద్ద. ఈ బావాబావమరుదులకి మొదటినుంచీ పడదు. పెళ్లిలో మొదలైన గొడవకి కారణం ఇద్దరూ మర్చిపోయారు, గొడవను మాత్రం మర్చిపోలేదు.

ఆ ఏడు గుంపు యుద్ధం జరిగిన చోట్లన్నీ చూసి రావాలనుకుంది. షెడ్డు గోడ మీద సుద్దతో దారి గీశారు. కొండ మీది కోట, పాత యుద్ధ ట్యాంకు నిలబెట్టిన కూడలి, సమాధుల మైదానం. ఒక్కో చోటు చూపిస్తూ బావ చేతులూపుతున్నాడు, ఆ యుద్ధం తనే గెలిపించినట్టు.

అక్క మిషన్ ఆపింది.

"నది రేవు ఏదీ?"

ఆ యుద్ధానికి సిపాయిగా వెళ్లిన ఆమె ఆఖరి తమ్ముడు ఆ రేవు దగ్గరే చనిపోయాడు. తల్లి పోయాక ఆమే చంకనేసుకుని పెంచింది వాణ్ణి. అక్కడ రాతి మీద వాడి పేరుందని విన్నదే గాని ఆమె చూడలేదు. అటు బస్సు లేదు. ఏటా భర్తని అడిగేది, ఏటా ఆయన వచ్చే ఏడు చూద్దాం అనేవాడు.

"అక్కడేముందే?" అన్నాడు బావ. "మనవాళ్లు ఓడిపోయి పారిపోయిన చోటు. అది చూడ్డానికి ఇంతమంది పెట్రోలు తగలేసుకుని వస్తారా?"

"మా వాడు పారిపోలేదు. పారిపోయుంటే రాతి మీద పేరెందుకు? ఇంటికే వచ్చేవాడుగా."

"సరే, ఆ నొప్పుల మోకాలు ముడుచుకుని వెనక సీట్లో అంత దూరం కూర్చుంటావా? ఊరికే మాటలు."

ఆమె చేతిలో ఉన్నది ఆయన సీటే. మిగిలిన కుట్టు వేసి, దారం పళ్లతో కొరికి, సీటు ఆయన కాళ్ల దగ్గర పడేసింది.

మర్నాడు ముల్లు పైపులు కోసి నా ముందు పెట్టాడు. పాత బైకుకి పక్కన తొట్టి కట్టాలి, దానికి మూడో చక్రం. అక్క కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు.

"అక్క మీద ప్రేమ అనుకునేవు. బావ మొహం ఎలా మాడుతుందో చూడాలి, అంతే," అన్నాడు.

తొట్టికి మెత్త కుడుతూ అక్క దాని చుట్టూ తిరిగి చూసింది. "శవపేటికలా ఉందిరా."

"కొలత నీదే. కూర్చో."

కూర్చోబెట్టి ముల్లే బండి తీశాడు. మలుపు దగ్గర అలవాటు కొద్దీ ఒళ్లు పక్కకి వాల్చాడు. రెండు చక్రాల బండి ఒళ్లు ఎటు వాలితే అటు పోతుంది. మూడో చక్రం వచ్చాక బండి వాలదు, హ్యాండిలే తిప్పాలి. కట్టినవాడికి ఆ సంగతి తెలుసు, ఒంటికి తెలియదు. బండి తిన్నగా వెళ్లి పాత టైర్ల కుప్పలో దూరింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న బావ పగలబడి నవ్వాడు. "దిగరా. బండి ఎలా నడపాలో చూపిస్తా." ఆయనా అలాగే వాలాడు. నీళ్ల డ్రమ్ముని గుద్ది మోకాళ్ల దాకా తడిశాడు.

"బండి కట్టడం రాదు నీకు," అన్నాడు బావ.

"నడపడం రాదు నీకు," అన్నాడు ముల్లు.

"తప్పుకోండి ఇద్దరూ," అంది అక్క తొట్టిలోంచి. "నేను నడుపుతా."

"నీకు బండి రాదుగా," అన్నాడు బావ.

"మీకొచ్చుగా. చూశాంగా."

ముల్లుని తొట్టిలో కూర్చోబెట్టింది. వాడు గేర్లు ఎప్పుడు మార్చాలో అరుస్తుంటే, తిరిగి వాణ్ణి తిడుతూ క్లచ్ వదిలింది. రెండుసార్లు ఇంజన్ ఆగిపోయింది. మూడోసారి బండి కదిలి, మలుపు తిరిగి, షెడ్డు ముందుకు వచ్చి నిలబడింది. దళసరి రెక్సిన్‌ని సూది కింద గుండ్రంగా తిప్పేటప్పుడు ఆమె ఒళ్లు కదపదు, కదిపితే కుట్టు వంకర పోతుంది. చేతులే తిరుగుతాయి. ఆ చేతులే హ్యాండిల్ తిప్పాయి. జీవితంలో ఎప్పుడూ బైకు నడపనిది కాబట్టి వాలే అలవాటే లేదు.

తర్వాత ముల్లు ఆమె మోకాలికి వీలుగా పెడళ్లు దించాడు. లైసెన్సు పరీక్షలో అధికారిని కూడా తిట్టిందట. అయినా ఇచ్చారు.

బయల్దేరే ముందు గుంపు మళ్లీ షెడ్డులో చేరింది. అక్క సుద్ద తీసుకుని గోడ మీద నది రేవుకి గీత గీసింది. బావ అరచేత్తో తుడిచేశాడు.

"గుంపు నీకోసం ఆగదు."

ఆమె మళ్లీ గీసింది, ఈసారి లావుగా. "ఆగమన్నానా? మీరు గెలిచిన చోట్లకి పొండి."

మరమ్మతులకని నన్నూ తీసుకెళ్లారు కాబట్టి దారి చీలిన చోట నేనున్నాను. గుంపు తారురోడ్డు మీద సాగిపోయింది. అక్క మట్టిదారి పట్టింది. తొట్టిలోంచి ముల్లు "గుంత, గుంత" అని అరుస్తున్నాడు. బావ కొంచెంసేపు ఇంజన్ ఆపకుండా అక్కడే నిలబడ్డాడు. తర్వాత గుంపు వెంట పోయాడు.

అక్కడేం జరిగిందని తిరిగొచ్చాక ముల్లుని అడిగాను. వాడు చెప్పింది ఇంతే. రాతి మీద పేరు వెతికి పట్టుకుని, ఒక్కో అక్షరంలో వేలు పెట్టి చివరిదాకా తడిమిందట. తర్వాత, "లోతుగా చెక్కాడు. ఎవడో గాని పని వచ్చినవాడు," అందట.

బావ ఆఖరున తిరిగొచ్చాడు. దారిలో సీటు చిరిగింది. దాన్ని తెచ్చి ఆమె మిషన్ పక్కన పెట్టి, కొంచెంసేపు అటూ ఇటూ చూసి, "రాయి కనబడిందా?" అన్నాడు.

"కనబడింది," అంది అక్క తలెత్తకుండా. "సీటు వరసలో వెనక పెట్టండి."