గునుగు కూర

గునుగు పువ్వు వాడదు. కోసి నెల రోజులు ఓ మూలన పడేసినా తెల్లటి కంకి అలాగే నిలబడి ఉంటుంది. బతుకమ్మ పేర్చే ఆడవాళ్ళకు అదంటే అంత ఇష్టం అందుకే. అలాంటిది రెండేళ్ళ క్రితం మా ఇంట్లో ఒక్క రోజులో తల వేలాడేసింది.

మాది ఉప్పుగూడ. స్టేషన్ దాటగానే పట్టాల పక్కనున్న ఖాళీ జాగాలో వానాకాలం చివరికి గునుగు నడుము దాకా లేస్తుంది. మార్కెట్లో కట్టలు దొరుకుతాయి గానీ అమ్మ ఒప్పుకోదు. "అడివి పువ్వును కొనుక్కుంటరార ఎవరన్నా?" అంటుంది. అందుకని ప్రతి ఏడూ కోసుకొచ్చే పని నాది.

ఆ ఏడు చెల్లె కాన్పుకని మా ఇంటికి వచ్చింది. ఏడో నెల. సద్దుల బతుకమ్మకు ముందు రోజు పొద్దున ఆఫీసుకు పోతుంటే, మూతికి గుడ్డలు కట్టుకున్న ఇద్దరు మనుషులు వీపున డబ్బాలు మోస్తూ పట్టాల వెంట మందు కొడుతున్నారు. వానాకాలంలో మా గల్లీల్లో దోమల మందు కొట్టడం మామూలే. తలుపు మూసుకుంటాం, కాసేపాగి తీస్తాం. ఇదీ అదేననుకున్నాను. ఆటోవాడితో, చాయ్ వాడితో, ఆఖరికి బస్సులో పక్క సీటువాడితో కూడా గొడవ పెట్టుకునే నా నోరు ఆ రోజు మాత్రం "ఏం మందు భాయ్?" అని ఒక్క మాట అడగలేదు.

సాయంత్రం తిరిగొస్తూ చేతినిండా గునుగు కోశాను. ఆకుల మీద ఏదో ఘాటు వాసన. దోమలు కుట్టడం లేదని సంతోషపడ్డాను కూడా.

అమ్మ పూలను వేరు చేసి, పక్క కొమ్మల్లోని లేత చిగుళ్ళు గిల్లుకుంది. వాటిని పప్పులో వేసి వండటం ఆమె చిన్నప్పటి అలవాటు. మూడు నీళ్ళలో కడిగింది. ఆ రోజుల్లో అన్నం వాసనకే మొహం తిప్పుకునే చెల్లె, ఆ పప్పు మాత్రం రెండోసారి వేయించుకుని తిన్నది.

"లోపలున్నది మనిషా, మేకనా?" అన్నాను.

"నీకేందన్నా, నువ్వు నీ గుడ్డు తిను," అని గరిటె చూపించింది. ఆకుకూరలు నాకు నచ్చవు. ఆ కూర నేను ముట్టలేదు.

మర్నాడు సాయంత్రం పేర్చిన బతుకమ్మను వాకిట్లో పెట్టేసరికి గునుగు వరసలన్నీ మెత్తబడి నల్లగా కిందికి వాలాయి. పక్కింటి ముసలామె చెల్లె కడుపు వైపు చూసి, "గునుగు వాడుడేందమ్మా? ఇంట్ల నీళ్ళోసుకున్న పిల్ల ఉన్నది," అంది. అమ్మ మొహం పాలిపోయింది. నాకు ఒళ్ళు మండింది. "పువ్వు వాడితే వాడింది, గింత లొల్లి ఎందుకు?" అని ఆమె మీద అరిచాను.

తెల్లారి స్టేషన్‌కు పోతుంటే పట్టాల పక్క జాగా అంతా మాడిపోయి ఉంది. మంట పెట్టిన గుర్తు మాత్రం ఎక్కడా లేదు. లైను మీద పనిచేసే మనిషొకడు మేకలను తరుముతున్నాడు.

"దోమల మందుకు గిట్ల అయితదా?" అని అడిగాను.

"దోమల మందు ఏంది భాయ్, గడ్డి మందు అది. మేకలను గూడ రానియ్యొద్దని చెప్పిపోయిండ్రు."

ఇంటికి పరిగెత్తి చెప్పాను. అంతా చెప్పలేదు. అక్కడ మందు కొట్టారట, ఇప్పుడే తెలిసిందన్నాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డ కదులుతోంది, అంతకు మించి ఇప్పుడేమీ చెప్పలేమంది. అమ్మ అక్కడి బెంచీ మీద కూర్చుని నెత్తి కొట్టుకుంది. "నా చేతులార వండి పెడ్తి కదరా!" మందు కొట్టడం నేను ముందే చూశానని అప్పుడే చెప్పాల్సింది. సిగ్గుతో నోరు రాలేదు. ఆ తర్వాత ప్రతి రోజూ చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా ఉంది. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. అమ్మ మాత్రం పిల్ల తుమ్మినా ఉలిక్కిపడేది.

ఇప్పుడు పిల్లకు ఏడాదిన్నర. పోయిన వారం చెల్లె వస్తే అందరం గాజులకని లాడ్ బజార్ పోయాం. మా వెనక ఒక దుకాణంలో గాజుల పెట్టె దబ్బున కింద పడి పగిలింది. బజారంతా తిరిగి చూసింది. నా భుజం మీదున్న పిల్ల తిరగలేదు. నా జేబులోని పెన్నుతో ఆడుకుంటూనే ఉంది. చెల్లె నా వైపు చూసింది.

గురువారం చెవుల పరీక్ష. దేనివల్లో ఎవరికీ తెలియదు, అసలేమైనా ఉందో లేదో కూడా తెలియదు. నిన్న చెల్లె ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెట్టింది.

"అన్నా, కడుపుల ఉన్నప్పుడు ఏమేం తిన్నవని అడుగుతరంట. ఆ మందు సంగతి నాకు సక్కగ చెప్పరాదు. నువ్వొచ్చి చెప్పు."

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"వాన్ని ఎందుకు పిలుస్తవ్ బిడ్డా? వాడేం జేసిండు? వండింది నేను. ఎవరేమన్నా నన్నే అననియ్యి. నేనొస్త."

చెల్లె అవతల నా జవాబు కోసం ఆగింది.

"సరే అమ్మా," అన్నాను. "నువ్వే పో."